పది నిమిషాల ఓవర్చర్, వందేళ్ల రికార్డింగులు

జర్మన్ స్వరకర్త కార్ల్ మరియా ఫన్ వేబర్ రాసిన, దుష్టశక్తి వలలో పడిన వేటగాడి కథ ‘డెర్ ఫ్రైషుట్జ్’ ఒపేరా 1821 జూన్ 18న బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. ఆ రోజు తెర లేవడానికి ముందు ఆర్కెస్ట్రా వాయించిన ఓవర్చర్ స్వరాలనే నేటి ఆర్కెస్ట్రాలూ వాయిస్తున్నాయి. అయినా విల్‌హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్ నడిపించిన రికార్డింగు విన్న వెంటనే కార్లోస్ క్లైబర్ నడిపించినది వింటే, రెండూ ఒకే రచన అని నమ్మడం కష్టమవుతుంది. మొదటిదానిలో భయం మెల్లగా కమ్ముకుంటుంది. రెండోదానిలో అది ఉన్నట్టుండి మీద పడుతుంది.

త్యాగరాజ కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడితే తేడా ఎక్కడుందో తెలుగు శ్రోతకు వెంటనే తెలుస్తుంది. పాఠాంతరం వేరు, సంగతులు వేరు, నెరవు చేసే చోటు వేరు, స్వరకల్పన పూర్తిగా ఎవరిది వారిదే. పాశ్చాత్య ఆర్కెస్ట్రాకు ఆ స్వేచ్ఛ లేదు. ఏ వాద్యం ఏ స్వరాన్ని ఎంతసేపు పలకాలో కాగితం మీద రాసి ఉంటుంది. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చేతిలో మిగిలేవి కాలప్రమాణం, ధ్వని హెచ్చుతగ్గులు, వాద్యాల మధ్య తూకం, నిశ్శబ్దాల నిడివి. ఇంత తక్కువ సరంజామాతో అంత పెద్ద తేడా ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే ఒక రచన రికార్డింగులను రెండు మూడు వరసగా వినాలి. అందుకు 19వ శతాబ్దపు రొమాంటిక్ యుగం నాటి ఓవర్చర్‌ను మించినది లేదు. నలభై నిమిషాల సింఫనీని (పలు భాగాల పెద్ద ఆర్కెస్ట్రా రచనను) మూడుసార్లు వినేసరికి పూట గడిచిపోతుంది, మొదటిసారి విన్నది మనసులో చెరిగిపోతుంది. పది నిమిషాల ఓవర్చర్‌ను అరగంటలో ముగ్గురి చేత చెప్పించుకోవచ్చు. పైగా ఆ పది నిమిషాల్లోనే నెమ్మదైన ప్రారంభం, ఉధృతమైన ముఖ్యభాగం, పాటలాంటి ఒక బాణీ, విజృంభించే ముగింపు అన్నీ ఉంటాయి.

ఓవర్చర్ మొదట్లో ఒపేరాకు ముందుమాట వంటిది. 19వ శతాబ్దంలో దాని స్వభావం మారింది. బేతోవెన్ 1807లో ‘కోరియోలన్’, 1810లో ‘ఎగ్మాంట్’ రాసి, నాటకంలోని సంఘర్షణను మాట లేకుండా వాద్యాలతోనే చెప్పవచ్చని చూపించాడు. వేబర్ ఒపేరాలోని బాణీలనే ఏరి కథ మొత్తాన్ని ముందుగా వినిపించాడు. జర్మన్ స్వరకర్త ఫెలిక్స్ మెండెల్‌సన్ మరో అడుగు వేసి, వెనుక ఏ ఒపేరా లేకుండా కచేరీ కోసమే ఓవర్చర్లు రాశాడు. ఇంత ఎదిగిన ప్రక్రియను రికార్డింగు కంపెనీలు చాలాకాలం చిన్నచూపు చూశాయి. ఎల్‌పీ (ఎక్కువసేపు వాయించే గ్రామఫోన్ పళ్లెం) మీద సింఫనీ అయిపోయాక ఖాళీ మిగిలితే అక్కడ ఒక ఓవర్చర్ పెట్టేవారు. అట్ట మీద సింఫనీ పేరు పెద్ద అక్షరాల్లోనూ, ఓవర్చర్ పేరు దాని కింద చిన్న అక్షరాల్లోనూ ఉండేవి. ఆ అలవాటు వల్ల చాలామంది శ్రోతలు ఓవర్చర్‌ను ఆకలి పుట్టించే చిరుతిండిగానే భావించారు. అది అన్యాయం.

రికార్డింగుల మధ్య తేడాకు మూలమైన వివాదం రికార్డింగు పుట్టకముందే మొదలైంది. ఒపేరా స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ 1869లో ఆర్కెస్ట్రా నిర్వహణ గురించి ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. కండక్టర్ చేయవలసిన మొదటి పని సరైన వేగాన్ని పట్టుకోవడమనీ, ఆ వేగం రచన పొడవునా ఒకేలా ఉండకూడదనీ, బాణీ స్వభావాన్ని బట్టి సాగుతూ ముడుచుకుంటూ ఉండాలనీ వాదించాడు. అందుకు ఉదాహరణగా తీసుకున్న రచనల్లో ‘ఫ్రైషుట్జ్’ ఓవర్చర్ ఒకటి. వియన్నాలో దాన్ని నడిపించినప్పుడు ప్రారంభంలోని హార్న్‌ల (ఇత్తడి కొమ్ము వాద్యాల) బాణీని తొందర లేకుండా మెత్తగా వాయింపజేశాననీ, ముఖ్యభాగంలో పాటలాంటి బాణీ వచ్చేచోట వేగాన్ని తగ్గించాననీ వివరించాడు. నెమ్మదిగా నడిపితేనే ఎక్కువ చెరుపు, కాస్త చురుగ్గా సాగిపోవడమే మేలు అని మెండెల్‌సన్ తనకు సలహా ఇచ్చాడని చెప్పి, ఆ ధోరణిని తీవ్రంగా ఖండించాడు. మెండెల్‌సన్ గురించి వాగ్నర్ రాతల్లో సంగీత విమర్శతో పాటు యూదు ద్వేషం కూడా కలగలిసి ఉంది. 1850లో అతను ప్రచురించిన వ్యాసం దానికి సాక్ష్యం. అందువల్ల ఆ వాదనను జాగ్రత్తగా విడదీసి చదవాలి. ద్వేషాన్ని పక్కనపెట్టాక మిగిలే ప్రశ్న మాత్రం అసలైనదే: వేగం నిలకడగా ఉండాలా, బాణీతో పాటు మారాలా? 20వ శతాబ్దపు కండక్టర్లు ఈ ప్రశ్న దగ్గరే రెండు దారుల్లో చీలిపోయారు. ఫుర్ట్‌వెంగ్లర్ మొదటి నుంచీ వాగ్నర్ దారిలో నడిచాడు. తోస్కానినీ, అతని తర్వాత జార్జ్ సెల్ వంటివారు నిలకడైన నడకను ఎంచుకున్నారు.

‘ఫ్రైషుట్జ్’ ఓవర్చర్‌లో ఈ చీలిక బయటపడే చోట్లు మూడున్నాయి. మొదటిది ప్రారంభం. తీగవాద్యాలూ గాలివాద్యాలూ కలిసి ఒకే స్వరాన్ని అతి మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోతాయి. కాసేపటికి నాలుగు హార్న్‌లు అడవి గాలి వంటి ప్రశాంతమైన బాణీ అందుకుంటాయి. ఆ బాణీ ముగియగానే తీగల మీద వణుకు మొదలవుతుంది. క్లారినెట్లు అడుగు స్వరాల్లో నిలబడతాయి, డబుల్ బేస్‌ల తీగలను వేళ్లతో మీటుతారు, వాటితో పాటు టింపనీ (నగారా వంటి పెద్ద డోలు) తాళం తప్పినట్టుగా మెల్లగా కొట్టుకుంటుంది. ఒపేరాలో దుష్టశక్తి సామియెల్‌కు గుర్తుగా వేబర్ కేటాయించిన స్వరసమూహం ఇదే. దీని ప్రభావమంతా టింపనీ దెబ్బ వినీ వినిపించనట్టు ఉండటంలో ఉంది. స్పష్టంగా వినిపించినా చెడిపోతుంది, అసలు వినిపించకపోయినా చెడిపోతుంది. ఫుర్ట్‌వెంగ్లర్ ఇక్కడ కాలాన్ని దాదాపు ఆపేస్తాడు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఏమవుతుందోనన్న ఆందోళన పెరుగుతుంది. క్లైబర్ కాలాన్ని ఆపడు, లోపలి బిగువును పెంచుతాడు. అందుకే అతని ముఖ్యభాగం తెగిన తాడులా దూసుకొస్తుంది.

రెండో చోటు ముఖ్యభాగం మధ్యలో క్లారినెట్ ఒంటరిగా ఎత్తుకునే దీర్ఘమైన బాణీ. కింద తీగలు వణుకుతూ ఉంటాయి. వాగ్నర్ దారిలో ఉన్నవారు ఇక్కడ వేగాన్ని వదులు చేసి క్లారినెట్‌కు ఊపిరి తీసుకునే చోటు ఇస్తారు. తోస్కానినీ ఎన్‌బీసీ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగులో తొందర తగ్గదు, అయినా బాణీ నలిగిపోదు. ఆ నిలకడలో ఒక రకమైన నిర్దయ ఉంది. ఈ కథకు అది కూడా తగినదే. మూడో చోటు చివర. సామియెల్ వణుకు తిరిగి వస్తుంది, సంగీతం తడబడుతూ ఆగుతుంది, పూర్తి నిశ్శబ్దం. ఆ తర్వాత ఆర్కెస్ట్రా అంతా కలిసి సీ మేజర్ అనే వెలుగు నిండిన శ్రుతిలో విరుచుకుపడుతుంది. కథానాయిక అగాతే పాడే ఆనందగీతం బాణీతో ఓవర్చర్ ముగుస్తుంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలో కాగితం మీద కచ్చితంగా చెప్పలేరు. కండక్టర్ ధైర్యం తేలేది అక్కడే. నిశ్శబ్దాన్ని ముందే తెంపేసిన రికార్డింగుల్లో ఆ సీ మేజర్ పెద్ద చప్పుడుగా మాత్రమే మిగులుతుంది. దాన్ని పూర్తిగా నిలబెట్టినవాటిలో అది విముక్తిగా వినిపిస్తుంది.

క్లైబర్ ఈ ఒపేరా మొత్తాన్ని 1973లో డ్రెస్డెన్‌లో రికార్డు చేశాడు. వాయించినది డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లె. 1817లో వేబర్ సంగీత నిర్వాహకుడిగా చేరినది ఈ ఆర్కెస్ట్రా పూర్వరూపమైన రాజాస్థాన బృందంలోనే. ఆ హార్న్‌ల నాదంలో ఇప్పటికీ ఒక మెత్తదనం ఉంది. అది ఏ సాంకేతిక పరికరంతోనూ రాదు, తరాలుగా ఒకే బృందంలో పక్కపక్కన కూర్చుని నేర్చుకోవడం వల్ల వస్తుంది. అంతకు మూడేళ్ల ముందు, 1970లో, ఇదే ఓవర్చర్‌ను స్టుట్‌గార్ట్ రేడియో ఆర్కెస్ట్రాతో క్లైబర్ సాధన చేయిస్తుండగా తీసిన చలనచిత్రం ఉంది. ఓవర్చర్ వినడం నేర్చుకోదలచినవారికి అంతకన్నా మంచి గురువు దొరకడు. జర్మన్ రాకపోయినా ఫరవాలేదు. ఒక సంగీత వాక్యాన్ని ఎన్నిసార్లు ఆపి, ఎక్కడ దిద్ది, మళ్లీ ఎలా వాయింపజేస్తాడో చూస్తే చాలు.

తొలినాటి రికార్డింగుల విషయంలో కండక్టర్ ఉద్దేశాన్ని, యంత్రం పరిమితిని వేరుచేసి వినాలి. 1925కు ముందు రికార్డింగుకు సాధారణంగా మైకులు వాడేవారు కాదు. వాద్యకారులు పెద్ద కొమ్ము ముందు ఇరుక్కుని కూర్చుని వాయిస్తే, ఆ ధ్వని ఒత్తిడితోనే సూది మైనం మీద గీతలు గీసేది. డబుల్ బేస్‌ల ధ్వని సరిగా పట్టుబడదు కాబట్టి వాటి చోట తరచుగా ట్యూబా పెట్టేవారు. వయొలిన్లకు లోహపు గొట్టాలు బిగించి ధ్వనిని కొమ్ము వైపు మళ్లించేవారు. అటువంటి ఏర్పాటులో సామియెల్ టింపనీ వినిపించే ప్రశ్నే లేదు. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చాక ఆర్కెస్ట్రా తన సహజ పరిమాణంలో కూర్చోగలిగింది. కానీ నిమిషానికి 78 చుట్లు తిరిగే (78 ఆర్‌పీఎం) గ్రామఫోన్ పళ్లెం సమస్య అలాగే ఉండిపోయింది. పన్నెండు అంగుళాల పళ్లెంలో ఒక వైపు నాలుగు, నాలుగున్నర నిమిషాల సంగీతమే పట్టేది. పది నిమిషాల ఓవర్చర్ కోసం పళ్లెం తిప్పాలి, మార్చాలి. ఎక్కడ కోయాలన్నది కూడా ఒక కళే అయింది. ఈనాడు ఆ ముక్కలను అతికించి ఏకధాటిగా వినిపిస్తున్నారు కాబట్టి, మధ్యలో ఏదైనా వాక్యం ఎందుకో గట్టిగా ఆగినట్టు అనిపిస్తే అది బహుశా ఆనాటి పళ్లెం అంచు కావచ్చు. 1948లో ఎల్‌పీ వచ్చాక ఈ బాధ తీరింది. 1958 ప్రాంతంలో స్టీరియో పళ్లాలు అంగళ్లకు వచ్చాక ఏ వాద్యం ఏ వైపు ఉందో కూడా చెవికి తెలియసాగింది.

ఈ చివరి మార్పు ఒక ఓవర్చర్‌కు ప్రత్యేకంగా మేలు చేసింది. మెండెల్‌సన్ పదిహేడేళ్ల వయసులో, 1826లో, షేక్స్‌పియర్ నాటకం ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ చదివి రాసిన ఓవర్చర్ అది. గాలివాద్యాలు పలికే నాలుగు దీర్ఘమైన స్వరసమూహాలతో మొదలవుతుంది. మొదటిదానిలో రెండు ఫ్లూట్లే ఉంటాయి, తర్వాత ఒక్కొక్కటిగా మిగిలిన వాద్యాలు చేరతాయి. ఆ వెంటనే వయొలిన్లు నాలుగు భాగాలుగా చీలి, వినీ వినిపించనంత మెల్లగా, దేవకన్యల పరుగు వంటి సంగీతాన్ని అందుకుంటాయి. మెండెల్‌సన్ కాలంలో మొదటి వయొలిన్లు వేదికకు ఎడమవైపు, రెండో వయొలిన్లు కుడివైపు కూర్చునేవి. ఆ పరుగు అప్పుడు వేదిక అంతటా అటూ ఇటూ మెరిసేది. 20వ శతాబ్దంలో రెండు గుంపులనూ ఒకే వైపు కూర్చోబెట్టే పద్ధతి వ్యాపించడంతో ఆ ఆట పోయింది. పాత పద్ధతిని వదలని ఓటో క్లెంపరర్ 1960లో ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాతో చేసిన స్టీరియో రికార్డింగులో అది తిరిగి వినిపిస్తుంది. క్లెంపరర్ వేగం నెమ్మది. చాలామందికి అది బరువుగా తోస్తుంది. కానీ ప్రతి స్వరం విడివిడిగా వినిపించడం వల్ల, పదిహేడేళ్ల కుర్రవాడి రాతలో ఎంత లెక్క ఉందో తెలిసిపోతుంది. మాయ తగ్గి నేర్పు కనిపిస్తుంది. మాయే కావాలంటే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో పీటర్ మాగ్ చేసిన రికార్డింగు వినాలి.

అయితే ఎక్కువ సమయం ఇవ్వవలసినది ‘హెబ్రిడీస్’ ఓవర్చర్‌కు. దీన్ని చాలా అట్టల మీద ‘ఫింగల్స్ కేవ్’ అని రాస్తారు. సముద్రపు గుహలో అలల హోరు విని మెండెల్‌సన్ దీన్ని రాశాడని కూడా చెబుతారు. తేదీలు మరోలా చెబుతున్నాయి. స్కాట్లండ్ పశ్చిమ తీరంలోని ఆ ద్వీపాల నుంచి 1829 ఆగస్టు 7న ఇంటికి రాసిన లేఖలో ఓవర్చర్ తొలి స్వరాలు ఉన్నాయి. గుహ ఉన్న స్టాఫా ద్వీపానికి పడవలో వెళ్లినది ఆ మర్నాడు. ఆ ప్రయాణంలో అతనికి సముద్రపు కుదుపు పడక వాంతులు కూడా అయ్యాయి. కాబట్టి ఇది ఒక గుహ వర్ణన కాదు, ఆ ద్వీపాల మధ్య గాలి, వెలుతురు, దూరం కలిగించిన స్థితి. 1830 డిసెంబరులో రోమ్‌లో పూర్తిచేసిన ప్రతికి ‘ఒంటరి ద్వీపం’ అని పేరు పెట్టాడు. దాంతోనూ తృప్తి లేదు. మధ్యభాగంలో చేప నూనె, సముద్రపు పక్షులు, ఉప్పు చేపల వాసన కన్నా సంగీత శాస్త్ర పాండిత్యం వాసనే ఎక్కువగా ఉందని అక్క ఫానీకి రాసి, మళ్లీ దిద్దాడు. 1832 మే 14న లండన్‌లో తొలిసారి వినిపించాక కూడా దిద్దుతూనే ఉన్నాడు.

రికార్డింగులు వినేటప్పుడు ఈ చరిత్ర పనికొస్తుంది. గుహను ఊహించుకున్న కండక్టర్లు హోరును పెంచుతారు. దూరాన్ని ఊహించుకున్నవారు మొదటి ఆరు బార్‌లను (తాళపు ఆవర్తాల వంటివి) జాగ్రత్తగా చూస్తారు. ఒక చిన్న జారుడు పలుకు వయోలాలు, చెల్లోలు అనే తీగవాద్యాల్లోనూ, బసూన్లు అనే గాలివాద్యాల్లోనూ రెండేసి బార్‌లకోసారి పై మెట్టుకు జరుగుతుంది: మొదట బీ మైనర్, తర్వాత డీ మేజర్, తర్వాత ఎఫ్ షార్ప్ మైనర్. ఈ మూడింటికీ ఎఫ్ షార్ప్ స్వరం ఉమ్మడి. అందుకే ఏదో కదులుతున్నట్టూ, ఏదీ కదలనట్టూ ఏకకాలంలో అనిపిస్తుంది. ఇక్కడ జారుడు పలుకును మరీ ముందుకు తెచ్చే రికార్డింగు ఆ రహస్యాన్ని పోగొట్టుకుంటుంది. కాసేపటికి చెల్లోలు, బసూన్లు రెండో బాణీని అడుగు నుంచి పైకి లేపుతాయి. మెండెల్‌సన్ బాణీలన్నిటిలో గొప్పది ఇదేనని విమర్శకుడు డొనాల్డ్ టోవీ అన్న మాటను కాదనడానికి కారణం కనిపించదు. కానీ అసలు పరీక్ష ఆ బాణీ రెండోసారి వచ్చేటప్పుడు. చెల్లోల చోట క్లారినెట్ ఒంటరిగా, అతి మెల్లగా, నెమ్మదించిన వేగంలో దాన్ని పలుకుతుంది. పక్కన రెండో క్లారినెట్ చేరుతుంది. నిలకడ వేగాన్ని సమర్థించిన మెండెల్‌సనే ఇక్కడ నెమ్మదించమని స్వయంగా రాశాడు. అంటే ఆ వివాదంలో అతని పక్షం వాగ్నర్ చిత్రించినంత మొండిది కాదు.

ఫుర్ట్‌వెంగ్లర్ ఈ ఓవర్చర్‌ను 1930లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో రికార్డు చేశాడు. ధ్వని పాతది, పైన గరగర ఉంది. అయినా క్లారినెట్ చోట ఆ ఆర్కెస్ట్రా ఊపిరి బిగబట్టడం వినిపిస్తుంది. ఆ తేదీ కూడా గుర్తుంచుకోదగినది. మూడేళ్లకే నాజీలు అధికారంలోకి వచ్చారు. యూదు వంశంలో పుట్టినందుకు మెండెల్‌సన్ సంగీతాన్ని జర్మనీ వేదికల నుంచి తుడిచేశారు. లైప్‌జిగ్‌లో అతని విగ్రహాన్ని 1936లో తొలగించారు. బెర్లిన్ ఆర్కెస్ట్రాకు తెలిసిన ఆ నుడికారం అలా ఒక పుష్కరం పాటు మూగబోయింది. 1960లో మాగ్, లండన్ సింఫనీ కలిసి చేసిన ‘హెబ్రిడీస్’, అదే స్వరకర్త ‘స్కాటిష్’ సింఫనీ పక్కన వచ్చింది. ఈ ఒక్క జోడింపులో ఓవర్చర్ ఖాళీని నింపేదిగా కాక సమానంగా నిలిచింది. ధ్వని స్పష్టంగా ఉండి తొందర లేని ఈ రికార్డింగుతో మొదలుపెట్టి, ఫుర్ట్‌వెంగ్లర్‌ను తర్వాత వినడం మంచి వరస.

వినే పద్ధతిలో ఒక జాగ్రత్త అవసరం. ఈ ఓవర్చర్లు దాదాపు అన్నీ మెల్లగా మొదలవుతాయి. మొదటి స్వరాలు సరిగా వినబడలేదని ధ్వని పెంచితే, ముఖ్యభాగం రాగానే చెవులు హోరెత్తి తగ్గించవలసి వస్తుంది. అప్పటికి రచయిత కట్టిన కొలతలన్నీ తారుమారవుతాయి. అన్నిటికన్నా గట్టి చోటును ముందుగా వెతికి, దాని ప్రకారం ధ్వనిని స్థిరపరచి, ఆ తర్వాత ముట్టుకోకుండా వినాలి. ఫోనులోని చిన్న స్పీకరు అడుగు స్వరాలను దాదాపు వదిలేస్తుంది. వేబర్ టింపనీ, డబుల్ బేస్‌లు అందులో ఉండవు. సాధారణమైన హెడ్‌ఫోన్లు కూడా దానికన్నా ఎంతో మేలు.

రొమాంటిక్ ఓవర్చర్లలో రికార్డింగు అంగళ్లు బాగా అమ్ముకున్నది, నెపోలియన్ మీద రష్యా విజయాన్ని కీర్తించే చైకోవ్‌స్కీ ‘1812’. ధ్వని యంత్రాల పటిమ చూపించడానికి అందులోని ఫిరంగులు పనికొచ్చాయి. అంటాల్ దొరాతి మెర్క్యురీ సంస్థకు చేసిన రికార్డింగు కోసం అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో నిజమైన ఫిరంగిని పేల్చి ధ్వని పట్టారు. 1978లో ఎరిక్ కుంజెల్ సిన్సినాటీ ఆర్కెస్ట్రాతో చేసిన టెలార్క్ పళ్లెంలో ఫిరంగి దెబ్బల గాడులు ఎంత లోతుగా ఉండేవంటే సూది గెంతిపోయేది. చైకోవ్‌స్కీకే ఈ రచన మీద ప్రేమ లేదు. దాన్ని ఉత్సవానికి రాసిన గోలగా చూశాడు. అతని ఓవర్చర్లలో పదేపదే వినదగినది ‘రోమియో అండ్ జూలియట్’. అందులో ఫిరంగులు లేవు, కానీ చాలా ప్రదర్శనల్లో ప్రేమ బాణీని సాగదీసి సాగదీసి పాకం చేస్తారు.

వేగం విషయంలో రుచికి తావివ్వని ఓవర్చర్ కూడా ఒకటుంది. బెర్లియోజ్ ఒపేరా ‘బెన్వెనుతో చెల్లినీ’ 1838లో పారిస్‌లో విఫలమైంది. అందులోని సాల్టరెల్లో అనే చురుకైన ఇటాలియన్ నాట్యాన్ని కండక్టర్ హాబెనెక్ ఎంత చెప్పినా తగినంత వేగంగా నడిపించలేదని బెర్లియోజ్ తన స్మృతుల్లో వాపోయాడు. 1844 ఫిబ్రవరి 3న ఆ నాట్యంతోనే కట్టిన ‘రోమన్ కార్నివాల్’ ఓవర్చర్‌ను తానే నిలబడి నడిపించాడు. సభ ఊగిపోయింది, అక్కడికక్కడే మళ్లీ వాయించవలసి వచ్చింది. వేగం ఎంత ఉండాలన్నది రచయితే చేసి చూపించిన సందర్భం అది. షార్ల్ మన్ష్ 1958లో బోస్టన్ సింఫనీతో చేసిన రికార్డింగు ఆ మాటను నిలబెట్టింది. ప్రారంభంలో కోర్ ఆంగ్లే అనే గాలివాద్యం పలికే ప్రేమ బాణీకి తీరిక ఇచ్చి, నాట్యం మొదలైన క్షణం నుంచి మాత్రం ఎక్కడా కళ్లెం వేయదు. వేబర్, మెండెల్‌సన్ రికార్డింగుల్లో నచ్చినదాన్ని ఎవరికి వారు ఎంచుకోవచ్చు. ఇక్కడ నెమ్మదిగా నడిపించినది తప్పుగా నడిపించినట్టే.